ఎమ్మా మొండిది కాదు
(నృత్య దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ముస్తాబై కూర్చున్న పిల్లలకు, వాళ్లకంటే టెన్షన్‌గా ఉన్న తల్లులకు నమస్కారం. బ్యాలే అనే యూరప్ నాట్యం వైభవం గురించి చెప్పమన్నారు. నేను స్టేజీలకు లైట్లు కట్టినవాణ్ణి. నా చూపు ముందు దీపాల మీదకే పోతుంది, ఏం చేయను!

ఎమ్మా లివ్రీ అని ఒక పారిస్ పిల్ల. 1858లో, పదహారేళ్లకే, అక్కడి ఒపేరా అనే పెద్ద థియేటర్‌లో నాయిక వేషం కట్టింది. మహానర్తకి మారీ తాలియోనీ ముచ్చటపడి, ఆమె కోసమే 1860లో ఒక బ్యాలే కూర్చింది. అందులో సీతాకోకచిలుక రెక్కలు దివిటీకి కాలతాయి. కథలోనే లెండి.

1862 నవంబర్ 15న రిహార్సల్లో పల్చటి గౌను గ్యాస్ దీపానికి తగిలింది. ఎనిమిది నెలలు నరకం చూసి పోయింది. ఇరవై ఒకటి నిండలేదు.

నిప్పంటకుండా బట్టకు పట్టించే మందు అప్పటికే ఉంది. 1859లో ప్రభుత్వం ఉత్తర్వు కూడా ఇచ్చింది. కానీ మందు పెడితే గౌను బిరుసెక్కి, మాసినట్టు కనిపించేది. ఎమ్మా నాకొద్దని డైరెక్టరుకు రాసిచ్చింది. ఇంకేం, మొండిది, చేజేతులా చేసుకుంది అన్నారు. ఇప్పటికీ అంటున్నారు! నా గొడవంతా ఇదే. మబ్బులా తేలే గౌను చూడాలని టిక్కెట్టు కొన్నదెవరండీ? గౌను సంగతి అందరూ మాట్లాడతారు, దీపం అక్కడెందుకుందని ఒక్కరూ అడగరు.

1844లో లండన్ డ్రూరీ లేన్ స్టేజీ మీద క్లారా వెబ్‌స్టర్ ఇలాగే కాలిపోయింది. 1861లో ఫిలడెల్ఫియా కాంటినెంటల్ థియేటర్‌లో, మేకప్ గదిలో ఒకమ్మాయికి మంటంటుకుంది. ఆర్పబోయిన అక్కచెల్లెళ్లకు, తోటి డాన్సర్లకు అంటుకుంది. కొందరు కిటికీల్లోంచి దూకేశారు. అందరూ మొండివాళ్లేనా?

తమ్ముడూ, వెనక వరుసలో నీకే చెప్తున్నా, ఆ పక్క తలుపు గొళ్లెం తీసే ఉందా? ఒకసారి చూడు.

ఏం చెప్తున్నాను... ఆఁ. ఒక కాలేజీ ఫంక్షన్‌లో ఇసుక బకెట్లు అడిగితే "ఏం కాదు లెండి మాస్టారూ" అని నవ్వారు. బకెట్లు పెట్టాల్సిన చోట పూలకుండీలు పెట్టారు. ఆ నవ్వు నాకింకా మంటే.

చీటీ పంపారు, ముగిస్తాను. వార్షికోత్సవాలున్న టీచర్లెవరైనా సరే, అద్దెకు తెచ్చే నైలాన్ డ్రెస్సుల్లో ఒకటి ముందు రోజు నాకివ్వండి. పిల్లలు లేని చోట, అంచుకు అగ్గిపుల్ల గీసి చూపిస్తాను. డ్రెస్సు ఖరీదు నేనిస్తాను.