పదిమంది కావాలి: కొచ్చి యూదుల కథ

[తెర మీద: మట్టాంచేరి, జ్యూ టౌన్ వీధి. మసాలా దుకాణాలు, పాత ఇత్తడి సామాన్లు, వీధి చివర గడియారపు స్తంభం.]

కొచ్చిలో మట్టాంచేరి అని ఒక పేట ఉంది. ఆ పేటలో జ్యూ టౌన్ అని ఒక ఇరుకు వీధి. వీధిలోకి అడుగుపెట్టగానే మిరియాలు, శొంఠి, యాలకుల వాసన కొడుతుంది. తలెత్తి చూస్తే కొన్ని ఇళ్ల కిటికీ కమ్మీల్లో ఆరు కోణాల నక్షత్రం. యూదుల గుర్తు అది.

వీధి పేరు యూదులది, ఇళ్లు కట్టింది యూదులు, చివర ఉన్న ప్రార్థనా మందిరం యూదులది. మరి యూదులేరీ? ఆ వీధిలో కొన్ని వందల ఏళ్లు బతికిన పరదేశి యూదుల్లో చివరి మహిళ క్వీనీ హాలెగ్వా 2024 ఆగస్టులో కన్నుమూశారు. ఇప్పుడు మిగిలినవాళ్లను లెక్కపెట్టాలంటే ఒక చేతి వేళ్లు కూడా ఎక్కువే.

యూదులంటే మనకు వెంటనే గుర్తొచ్చేది హిట్లర్, గ్యాస్ చాంబర్లు. అది నిజమే, మరిచిపోకూడనిదే. కానీ ఈ కథలో హిట్లర్ లేడు. ఇక్కడ వాళ్లను ఎవరూ తరమలేదు. అయినా ఊరు ఖాళీ అయింది. ఎలాగో చూద్దాం.

[తెర మీద: రెండు రాగి రేకులు, వాటి మీద వట్టెళుత్తు లిపి.]

వాళ్లు ఎప్పుడొచ్చారన్నది ముందు చెప్పుకోవాలి. సొలొమోను రాజు ఓడల్లో వచ్చామని ఒక నమ్మకం. క్రీ.శ. 70లో రోమన్లు జెరూసలేం ఆలయాన్ని కూల్చాక వచ్చామని ఇంకో నమ్మకం. నమ్మకాల సంగతి పక్కన పెడదాం, చేతికి దొరికే సాక్ష్యం ఈ రాగి రేకులు. సుమారు క్రీ.శ. 1000 నాటివి. చేర రాజు భాస్కర రవివర్మ జోసెఫ్ రబ్బాన్ అనే యూదు పెద్దకు ఇచ్చిన శాసనం. ఇచ్చిన చోటు ముయిరిక్కోడు, అంటే ఇప్పటి కొడుంగల్లూరు.

ఏమిచ్చాడయ్యా అంటే 72 హక్కులు. అందులో కొన్నింటి పేర్లు చదువుతాను, వినండి. పగల్ విళక్కు, పావాడ, పల్లకి, గొడుగు, తోరణం. వీటికి అర్థం చెప్పాల్సిన పని మన తెలుగువాళ్లకు లేదు. పగటి దివిటీ! పట్టపగలు దివిటీ పట్టించుకుని నడవడం రాజులిచ్చే పెద్ద మర్యాద. నడిచే దారిలో పావడలు, అంటే కాళ్ల కింద వేసే గుడ్డలు, పరచడం మన కావ్యాల్లోనూ ఉన్నదే. ఇంతకంటే తమాషా ఇంకోటి ఉంది. ఆ జాబితాలో ఒక వాద్యం పేరు ‘వడుగప్పఱై’. పఱై అంటే డప్పు. వడుగులు అంటే ఉత్తరాన ఉండేవాళ్లు, తమిళ మలయాళ దేశాల్లో తెలుగువాళ్లకు వాడే మాట అది. అంటే వెయ్యేళ్ల కిందట కేరళలో ఒక యూదు పెద్ద ఊరేగింపు వెళితే ముందు మోగింది తెలుగు డప్పు!

ఈ రేకుల్లోనే ‘అంజువణ్ణం’ అనే మాట ఉంది. పడమటి సముద్రం దాటి వచ్చిన వర్తకుల సంఘానికి ఆ పేరు వాడేవారు. మన విశాఖపట్నంలో దొరికిన చోళుల కాలపు శాసనాల్లోనూ అదే పేరు కనిపిస్తుంది. సముద్రానికి అటు ఒడ్డున, ఇటు ఒడ్డున అదే వ్యాపార ప్రపంచం అన్నమాట.

హక్కులు రబ్బాన్‌తో అయిపోవు. కొడుకులకు, కూతుళ్లకు, మేనల్లుళ్లకు, కూతుళ్లను చేసుకున్న అల్లుళ్లకు కూడా. ఎంతకాలం? భూమి, చంద్రుడు ఉన్నంతకాలం. మన శాసనాల్లో ‘ఆచంద్రార్కం’ అంటామే, అదే ధోరణి. 2017లో ప్రధాని మోదీ ఇజ్రాయెల్ వెళ్లినప్పుడు నెతన్యాహుకు ఇచ్చిన కానుకల్లో ఈ రేకుల నకలు కూడా ఉంది.

[తెర మీద: పెరియార్ నది, కొడుంగల్లూరు నుంచి కొచ్చికి మ్యాప్‌లో కదిలే గీత.]

1341లో పెరియార్‌కు పెద్ద వరద వచ్చింది. కొడుంగల్లూరు రేవు పూడిపోయింది, కొచ్చి దగ్గర కొత్త రేవు తెరుచుకుంది. ఓడలు ఎటు పోతే వర్తకులు అటు. మూడేళ్లకే, 1344లో, కొచ్చంగాడిలో యూదుల మందిరం లేచింది. ఆ మందిరం ఇప్పుడు లేదు, దాని శిలాశాసనం మాత్రం మట్టాంచేరి మందిరం గోడలో పెట్టారు. ఆ తర్వాత పోర్చుగీసువాళ్లు వచ్చారు, కొడుంగల్లూరులో మిగిలినవాళ్లకు నిలవ నీడ లేకుండా పోయింది. అప్పుడు కొచ్చి రాజు తన కోటను ఆనుకునే వాళ్లకు స్థలం ఇచ్చాడు. ఇదేదో ఊరి చివర ఇచ్చిన స్థలం కాదు. రాజుగారి గుడి, యూదుల మందిరం పక్కపక్కనే ఉంటాయి, మధ్యలో గోడ ఒక్కటే.

అక్కడ 1568లో కట్టిందే పరదేశి సినగాగ్. సినగాగ్ అంటే యూదుల ప్రార్థనా మందిరం. 1662లో పోర్చుగీసువాళ్లు దాన్ని పాడు చేశారు. మరుసటి ఏడు కొచ్చి డచ్చివాళ్ల చేతికి వచ్చింది, 1664కల్లా మందిరం మళ్లీ లేచింది.

[తెర మీద: నీలం, తెలుపు పలకల నేల. కెమెరా నేలకు దగ్గరగా.]

లోపలికి వెళ్లాలంటే చెప్పులు విప్పాలి. గుడికి వెళ్లినట్టే. కాళ్ల కింద చల్లగా తగిలేవి చైనా నుంచి తెచ్చిన పింగాణీ పలకలు, దాదాపు 1100. 1762లో ఎజెకియెల్ రహాబీ అనే పెద్ద వర్తకుడు వేయించాడు. డచ్చి కంపెనీ మిరియాల వ్యాపారం చాలావరకు నడిచింది ఈయన చేతుల మీదుగానే. బయట గడియారపు స్తంభం కూడా ఈయన చలవే, 1760లో.

ఈ పలకల మీద గైడ్లు చెప్పే కథ ఒకటుంది. రాజుగారు తన కోట కోసం తెప్పించుకున్నారట. ఆ నీలం రంగులో ఆవు రక్తం కలుపుతారని యూదులు చెవిన వేశారట. రాజుగారు ‘అయితే నాకొద్దు, మీరే తీసుకుపోండి’ అన్నారట. కథ భలే ఉంది, నమ్మమని మాత్రం నేను చెప్పను. ఏ రెండు పలకలూ ఒకేలా ఉండవనీ అంటారు. నేను మోకాళ్ల మీద కూర్చుని చూశాను. అవే చెట్లు, అవే నీళ్లు మళ్లీ మళ్లీ వస్తాయి. కానీ చేత్తో గీసినవి కదా, కొమ్మ ఒకచోట ఎడంగా వంగుతుంది, ఇంకోచోట రంగు కాస్త కారి ఉంటుంది. ముగ్గు అదే, వేసిన చెయ్యి వేరు.

పైన మేడ మీద, ఆడవాళ్లు కూర్చునే చోటుకు ముందు, యూదుల పవిత్ర గ్రంథం తోరా చదవడానికి ఇంకో వేదిక ఉంటుంది. కింద ఒకటి, పైన ఒకటి. కేరళ సినగాగుల ప్రత్యేకత అది.

ఇక ఇక్కడే నాకు మింగుడుపడని సంగతి చెప్పాలి.

[తెర మీద: సినగాగ్ బయటి గది, ఖాళీ మెట్లు.]

పరదేశి అన్న పేరులోనే విషయం ఉంది. స్పెయిన్ నుంచి, పోర్చుగల్ నుంచి, తర్వాత ఇరాక్ వైపు నుంచి వచ్చినవాళ్లు వీళ్లు. వాళ్లకంటే ముందే, వందల ఏళ్లుగా కేరళలో ఉన్న మలబారు యూదులు సంఖ్యలో ఎన్నో రెట్లు ఎక్కువ. తెల్లోళ్లు, నల్లోళ్లు అని పేర్లు పెట్టుకున్నారు. పెళ్లిళ్లు లేవు. ఒకరి మందిరంలో ఇంకొకరికి సమాన హక్కు లేదు. పరదేశి సినగాగ్‌లోనే మూడో వర్గం ఉండేది. ఒకప్పుడు బానిసలుగా ఉండి విడుదలైనవాళ్ల సంతతి. వాళ్లకు బల్ల మీద చోటు లేదు. బయటి గదిలో నేల మీద కూర్చోవాలి, తోరా చదవడానికి పిలుపు రాదు. ఐగుప్తులో మనం బానిసలం, దేవుడు విడిపించాడు అని ఏటా పస్కా పండుగకు చెప్పుకునే సమాజంలో ఇది జరిగింది. మన దేశంలో అడుగుపెట్టినవాళ్లకు మన రోగం అంటుకుంది అనాలో, వాళ్లు తెచ్చుకున్నదే ఇక్కడ బలిసింది అనాలో తెలియదు.

దీనికి ఎదురు నిలిచిన మనిషి అబ్రహాం బరాక్ సేలం. 1882లో పుట్టారు. విడుదలైన బానిసల వంశమే. లా చదివి వకీలయ్యారు. 1929 లాహోర్ కాంగ్రెస్‌కు వెళ్లారు, కొచ్చి శాసన మండలిలో కూర్చున్నారు. శాసన మండలిలో కుర్చీ ఉంది, సొంత మందిరంలో బల్ల లేదు! గాంధీ దగ్గర నేర్చుకున్నదే మందిరంలో వాడారు: సత్యాగ్రహం. అందుకే ఆయన్ను యూదు గాంధీ అంటారు. ఒక్కొక్క మెట్టూ ఏళ్ల తరబడి పట్టింది. ముందు బల్ల, తర్వాత తోరా. 1950లో ఆయన కొడుకు ఒక ‘తెల్ల’ యూదు అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. కొచ్చిలో కుదరలేదు, బొంబాయి వెళ్లి చేసుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు ‘పది’ సంగతి. యూదుల్లో సామూహిక ప్రార్థన జరగాలంటే కనీసం పదిమంది పెద్ద మగవాళ్లు ఉండాలి. ఆ పదిని మిన్యాన్ అంటారు. తొమ్మిది మంది ఉంటే కుదరదు. సేలం గెలిచే సరికి ఏమైందో తెలుసా? పదిమంది దొరకడమే కష్టమయ్యే కాలం మొదలైంది. ఒకప్పుడు వచ్చినవాణ్ణి బయట కూర్చోమన్న మందిరం, చివరికి టూరిస్టుల్లో యూదులెవరైనా ఉన్నారా అని వెతుక్కునే స్థితికి వచ్చింది.

[తెర మీద: 1950ల నాటి ఓడ, విమానం. తర్వాత నెగెవ్ ఎడారి.]

1948లో ఇజ్రాయెల్ ఏర్పడింది. రోజూ ప్రార్థనలో తలుచుకునే జెరూసలేం ఒక్కసారిగా టికెట్ కొనుక్కుని వెళ్లగలిగే ఊరైంది. సంస్థానాలు పోయాయి, చిన్న వ్యాపారాలు దెబ్బతిన్నాయి, చాలామంది మలబారు యూదులు పేదవాళ్లు. ఉన్నవి అమ్ముకుని బయల్దేరారు. తీరా చూస్తే అక్కడి ఆరోగ్య శాఖ ఆగండి అంది. కారణం బోదకాలు! కొచ్చి ప్రాంతంలో ఆ జబ్బు ఉండేది, తమ దేశంలో వ్యాపిస్తుందని భయపడ్డారు. ఇల్లు అమ్ముకుని, సామాను కట్టుకుని, ఏళ్లు ఎదురుచూసిన కుటుంబాలున్నాయి. 1954, 55ల్లో దారి తెరుచుకున్నాక ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. మొత్తం సుమారు 2,400 మంది.

కొబ్బరి చెట్ల కింద పెరిగినవాళ్లను తీసుకెళ్లి నెగెవ్ ఎడారిలో నెవతీం అనే ఊళ్లో దించారు. కొందరిని మెసిలాత్ సియోన్‌లో. వాళ్లలో ఎక్కువమందికి వ్యవసాయమే తెలియదు. నేర్చుకున్నారు. నెవతీం తర్వాత పూల సాగుకు పేరు తెచ్చుకుంది.

వాళ్లతో పాటు ఓడెక్కింది ఇంకోటి ఉంది: ఆడవాళ్ల నోటుపుస్తకాలు. పెళ్లి పాటలు, బైబిలు కథల పాటలు, తమ సినగాగ్ గొప్ప చెప్పే పాటలు, అన్నీ మలయాళంలో. అమ్మ నుంచి కూతురికి చేత్తో రాసి ఇచ్చుకున్నవి. కొన్ని పాటల మాటలు ఎంత పాతవంటే పాడేవాళ్లకే అర్థం తెలియదు. మన పల్లెల్లో అప్పగింతల పాట పాడే ముసలమ్మను ఆపి అర్థం అడిగి చూడండి, అలాగే. అక్కడ మలబారు కుటుంబాల్లో పుట్టిన పిల్లలు హీబ్రూలో పెరిగారు, పాట మాత్రం అవ్వ నోట మలయాళంలోనే విన్నారు.

[తెర మీద: ఎనిమిది సినగాగుల చిత్రాలు వరుసగా.]

వెళ్లిపోయాక మందిరాలు ఏమయ్యాయి? కేరళలో ఎనిమిది ఉండేవి. మాళ ఊళ్లో యూదులు 1955లో వెళ్తూ తమ మందిరాన్ని, శ్మశానాన్ని పంచాయతీకి అప్పగించారు. చేందమంగళం, పరవూరు మందిరాలను ప్రభుత్వం బాగుచేసి మ్యూజియంలు చేసింది. చేందమంగళంలో మందిరం ముందు ఒక సమాధి రాయి ఉంటుంది, 1269 నాటిది. దాని మీద హీబ్రూలో సారా అనే ఆమె పేరు. ‘ఇశ్రాయేలు కూతురు సారా’. మన దేశంలో దొరికిన అతి పాత హీబ్రూ రాతల్లో ఒకటి అది. రాజుల పేర్లు రాళ్ల మీద చాలానే ఉన్నాయి, ఈ సారా ఎవరో ఏమిటో మనకు తెలియదు, పేరొక్కటే మిగిలింది.

ఎర్ణాకుళంలో కడవుంభాగం సినగాగ్ ఉంది. కడవు అంటే రేవు. రేవు వైపు మందిరం. దాని ముందు గదిలో చాలా ఏళ్లు ఆక్వేరియం చేపలు, పూల మొక్కలు అమ్మారు. అమ్మినాయన యూదుడే. ఆ దుకాణం వల్లే రోజూ తలుపు తెరిచి, ఊడ్చి, మందిరం నిలబడింది. అదే పేరుతో మట్టాంచేరిలో ఇంకో కడవుంభాగం ఉండేది. దాని చెక్కడాల చెక్క పైకప్పును విప్పి తీసుకెళ్లి జెరూసలేంలోని ఇజ్రాయెల్ మ్యూజియంలో మళ్లీ బిగించారు. అక్కడ ఏసీ గదిలో భద్రంగా ఉంది. ఇక్కడ గోడలు గోదాముగా వాడి వాడి, 2019 వానల్లో ముందు భాగం కూలిపోయింది.

కామెంట్లలో ఎలాగూ అడుగుతారు కాబట్టి ఒక మాట. మన గుంటూరు దగ్గర చేబ్రోలు ప్రాంతంలోని కొత్తరెడ్డిపాలెంలో కూడా యూదులమని చెప్పుకునే తెలుగు కుటుంబాలు ఉన్నాయి. బెనె ఎఫ్రాయిం అంటారు. వాళ్లకూ ఒక చిన్న సినగాగ్ ఉంది. కొచ్చి వాళ్లకూ వీళ్లకూ చరిత్రలో సంబంధం లేదు. అది వేరే వీడియో.

[తెర మీద: జ్యూ టౌన్‌లో ఒక చిన్న కుట్టుపని దుకాణం.]

జ్యూ టౌన్ వెళ్లినవాళ్లలో చాలామందికి సారా కోహెన్ గుర్తుంటారు. కిటికీ పక్కన కూర్చుని, శబ్బాత్ (యూదుల వారపు విశ్రాంతి దినం) రొట్టె మీద కప్పే గుడ్డలు, మగవాళ్ల టోపీలు కుట్టేవారు. 2019 ఆగస్టులో, 96 ఏళ్ల వయసులో పోయారు. పిల్లలు లేరు. చివరి ఏళ్లలో ఆమెను, ఆమె దుకాణాన్ని చూసుకున్నది ఒక ముస్లిం కుటుంబం. ఆ ఇంటాయన చిన్నప్పుడు ఆ వీధిలో టూరిస్టులకు సామాన్లు అమ్ముకునే కుర్రాడు. ఆమె దగ్గర కుట్టు నేర్చుకుని, శబ్బాత్ గుడ్డల మీద హీబ్రూ అక్షరాలు కుట్టాడు.

మీరు వెళితే టైమ్ చూసుకుని వెళ్లండి. నేను మొదటిసారి శనివారం వెళ్లి, తాళం చూసి తిరిగొచ్చాను. ఆటో అతను దించేటప్పుడే నవ్వాడు, ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. శనివారం శబ్బాత్. లోపల ప్రార్థనకు పదిమంది లేకపోయినా సరే, ఆ రోజు తలుపు తీయరు.