తీతువు అరిస్తే ఆగండి

అందరికీ నమస్కారం.

వచ్చే ఆదివారం అమీన్‌పూర్ చెరువుకు మాతో పిట్టల్ని చూడటానికి వచ్చేవాళ్లే ఇక్కడ ఎక్కువమంది ఉన్నారన్నారు. కాబట్టి ప్రకృతి గొప్పదనం మీద ఉపన్యాసం దంచను. అక్కడ ఏం చేస్తామో, ఏం చెయ్యనివ్వమో చెబుతాను. రెండోదే ఎక్కువ ఉంటుంది.

హైదరాబాద్‌లో మియాపూర్ దాటాక, అపార్ట్‌మెంట్ల మధ్య, రాళ్లగుట్టల పక్కన ఉంటుంది ఆ చెరువు. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. బోర్డు పెట్టినంత మాత్రాన మురుగు ఆగదనుకోండి, అది వేరే కథ.

"ఎండలు ముదిరాయి, వలస బాతులన్నీ వెళ్లిపోయుంటాయి, ఇప్పుడు ఏముంటుందండీ చూడటానికి?" అని ఒకాయన అడిగారు. తీతువు ఉంటుంది. దాని కాపురం ఈ రోజుల్లోనే.

తీతువు కూస్తే కీడని మన ఇళ్లలో పెద్దవాళ్లు అంటుంటారు. కీడు నిజమే, కాకపోతే మనకు కాదు, దానికి. నక్కో కుక్కో మనిషో తన గుడ్ల వైపు వస్తుంటే అది గొంతు చించుకుంటుంది, నెత్తి మీదికి దూసుకొస్తుంది. అది చెట్టు మీద గూడు కట్టదు. గులకరాళ్ల మధ్య నేల మీదే చిన్న గుంట చేసి గుడ్లు పెడుతుంది. మామూలుగా నాలుగుంటాయి, సన్నటి కొసలు లోపలికి తిరిగి. మట్టిరంగు మీద నల్లటి మచ్చలు. వేలుపెట్టి చూపించినా చాలామందికి కనపడవు. కనపడనివి కాళ్ల కింద పడతాయి. అందుకే అది అరవగానే మేం అందరినీ ఆపి, వచ్చిన దారినే వెనక్కి నడిపిస్తాం.

ఇంకో సంగతి. ఎండ బాగా ఎక్కినప్పుడు తల్లో తండ్రో నీళ్లలోకి వెళ్లి, పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది, వాటిని చల్లబరచడానికి. "ఒక్క ఫొటో సార్" అంటూ మనం అక్కడే నిలబడితే అది దగ్గరికి రాలేదు. గుడ్లు ఎండకు మాడతాయి. పైగా కాకులు మనల్నే గమనిస్తుంటాయి, గుంపు ఎక్కడ వంగి చూస్తోందా అని.

ఫోన్‌లో పిట్ట కూత పెట్టి దాన్ని బయటికి రప్పించడం కూడా మా దగ్గర కుదరదు. తన జాగాలోకి వేరే మగపిట్ట చొరబడిందనుకుని అది మేత మానేసి వెతుక్కుంటుంది. యాప్‌లో కూత గుర్తుపట్టడానికి వినండి, తప్పులేదు. వినిపించకండి.

ఇక బైనాక్యులర్. కొనక్కర్లేదు, మా దగ్గర కొన్ని ఉన్నాయి, వంతులవారీగా ఇస్తాం. కొత్తవాళ్లు దాన్ని కళ్లకు పెట్టుకుని చెట్టంతా గాలిస్తారు. అలా దొరకదు. ముందు ఉత్త కళ్లతో పిట్టను పట్టుకోండి, చూపు తిప్పకుండా బైనాక్యులర్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకోండి. పొద్దున ఎండ మన వీపు మీద పడేలా నిలబడాలి. ఎదురెండలో చూస్తే లకుముకి పిట్ట నీలం కూడా నల్లగానే కనిపిస్తుంది.

చూసినవన్నీ రాస్తాం. ఎన్ని, ఎక్కడ, ఎన్ని గంటలకు. కాకుల్ని, పావురాల్ని కూడా. ఇది కొంతమందికి బోర్ కొడుతుంది, తెలుసు. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1931లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వే మొదలుపెట్టారు. అప్పుడు ఇక్కడ ఏముండేవో, ఇప్పుడు ఏవి లేవో పోల్చుకోగలుగుతున్నామంటే అలా రాసిపెట్టబట్టే. మన లెక్క ఈబర్డ్‌లోకి, అంటే ప్రపంచమంతటా పిట్టల్ని చూసేవాళ్లు తమ లెక్కలు రాసే వెబ్‌సైట్‌లోకి, ఎక్కుతుంది. పిల్లలుంటే నోట్‌బుక్ వాళ్ల చేతికే ఇవ్వండి, పెద్దవాళ్లలా చూడనివి కలిపి రాయరు.

తెల్లారుజామున చెరువు గట్టు మీదికి ఒంటరిగా వెళ్లాలంటే ఆడవాళ్లకు టెన్షన్‌గా ఉంటుందని చాలామంది అన్నారు. గుంపుగా వెళ్లడంలో అదీ ఒక సుఖం. ఈమధ్య మాతో వచ్చేవాళ్లలో వాళ్లే ఎక్కువ.

ఆరింటికల్లా గట్టు దగ్గర ఉండండి. మట్టిరంగు బట్టలు, టోపీ, మంచినీళ్లు చాలు. సెంట్లు వద్దు, స్పీకర్లు అసలే వద్దు. కెమెరా తెచ్చుకోవచ్చు, మొదటి గంట మాత్రం బ్యాగులోనే ఉంచాలి. ఇదేం రూలండీ అని ఇప్పుడే అడగాలనుకుంటే అడగండి, అక్కడికొచ్చాక మాట్లాడనివ్వం.