మెషిన్ ఆగేదాకా

నమస్కారం అండీ. కెమెరా కొంచెం వణుకుతోంది, ఏమీ అనుకోవద్దు. వాషింగ్ మెషిన్ మీద పెట్టాను. పక్కన ఈ ప్లాస్టిక్ స్టూలు ఉంది చూశారా, రోజూ నేను కథలు రాసుకునేది దీని మీద కూర్చునే. బట్టలు తిరిగినంతసేపు రాస్తాను, మెషిన్ ఆగగానే కలం మూసేస్తాను. బట్టలు లేని రోజు ఏం చేస్తావని మా ఆయన అడిగారు. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో అలాంటి రోజు ఒకటి ఉంటుందా?

మొదట్లో తెల్లవారుజామున లేచి రాయాలని పట్టుబట్టాను. నాలుగు రోజులు లేచాను. ఐదో రోజు ఆఫీసు మీటింగులో నిద్ర ముంచుకొచ్చింది. ఆంథొనీ ట్రోలప్ అని 19వ శతాబ్దపు ఇంగ్లండు నవలాకారుడు ఉండేవాడు. తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూ, పొద్దున్నే ఐదున్నరకల్లా బల్ల ముందు కూర్చునేవాడు. గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 మాటల లెక్కన రాసేవాడు. మొత్తం 47 నవలలు! ఆయన గురించి చదివి సిగ్గుపడ్డాను. ఆయనను నిద్రలేపడానికి ఒక పనివాడు ఉండేవాడని తెలిశాక సిగ్గు సగానికి తగ్గింది.

21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందంటారు కదా. అది నమ్మి, 22వ రోజున రాయబుద్ధి కాకపోతే లోపం నాలోనే ఉందనుకున్నాను. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2009లో వెలువరించిన అధ్యయనంలో ఆ లెక్క సుమారు 66 రోజులు. మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా తేడా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్దగా నష్టం లేదట. వాళ్లు చూసింది నీళ్లు తాగడం, నడవడం లాంటి పనులనే, కథలు రాయడాన్ని కాదు. అయినా రోజూ జరిగే ఒక పనికి కొత్త పనిని ముడిపెట్టడం అనే పద్ధతి నాకు పనికొచ్చింది. నా ముడి ఈ మెషిన్‌కే పడింది.

అసలు కష్టం సమయంతో కాదండీ, మాటలతో. పగలంతా ఆఫీసులో ఇంగ్లీషు. రాత్రి తెలుగులో రాయబోతే మాటలు అలిగి కూర్చుంటాయి. ఇదిగో, ఈ పేజీ దగ్గరగా చూపిస్తాను. మూడు చోట్ల గీతలున్నాయి, మూడూ ఆ పూట గుర్తురాని మాటలు. ఇక్కడ, ‘తడి చొక్కాను ఆరేసే ముందు గట్టిగా’ దగ్గర ఆగిపోయాను. చేతులు గాల్లో ఆ పని చేస్తున్నాయి, నోటికి మాత్రం రాదు. గీత గీసి ముందుకు వెళ్లాను. పిల్లలను పడుకోబెడుతుంటే తట్టింది: విదిలించడం! చీకట్లో పైకే అనేశాను, చిన్నది ఉలిక్కిపడి లేచింది. మళ్లీ పడుకోబెట్టడానికి గంట పట్టింది.

వాక్యం మధ్యలో ఆపితే మర్నాడు అందుకోవడం తేలికని నేనొక కిటుకు పాటిస్తాను. మామూలుగా పనిచేస్తుంది. పోయిన వారం మాత్రం ‘తాళంచెవి ఎక్కడుందో అతనికి తెలుసు, అయినా’ అని ఆపాను. తర్వాత పెద్దవాడికి జ్వరం, మూడు రోజులు పుస్తకం తెరవలేదు. ఇప్పుడు ఆ ‘అయినా’ తర్వాత ఏం రాయాలనుకున్నానో నాకే తెలియదు. నిన్న అరగంటసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. అందుకే ఇప్పుడు పేజీ అంచున పెన్సిలుతో రెండు ముక్కలు రాసి పెడుతున్నాను, తర్వాత ఏమవుతుందో.

అదిగో, నీళ్లు పోతున్న చప్పుడు. ఇంకో ఎనిమిది నిమిషాలున్నాయి. కెమెరా ఆపేసి ఈ ‘అయినా’ సంగతేమిటో చూస్తాను.