ఒకే కథ, రెండు భాషలు: మాండరిన్ ఇమ్మర్షన్ బడుల్లో పిల్లల కథనం

వ్యాఖ్యాత: అమెరికాలో మాండరిన్, అంటే చైనా ప్రధాన భాష, ఇమ్మర్షన్ బడులకు వెళ్లే పిల్లలు కథ ఎలా చెబుతారన్నది ఈరోజు మన విషయం. మేడం, ముందుగా ఆ బడులు ఎలా నడుస్తాయో చెబుతారా?

అతిథి: అక్కడ మాండరిన్‌ను ఒక సబ్జెక్టుగా నేర్పి ఊరుకోరు, పాఠాలే ఆ భాషలో చెబుతారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1981లోనే ఇటువంటి బడి మొదలయింది. ఇటువంటి చదువు కోసం 2008లో చట్టం చేసిన యూటా రాష్ట్రంలో పిల్లలు సగం రోజు ఒక టీచరు దగ్గర ఇంగ్లీషులోనూ, మిగతా సగం మరో టీచరు దగ్గర మాండరిన్‌లోనూ చదువుకుంటారు. ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడే పిల్లలకు బడి గడప దాటాక మాండరిన్ వినపడదు.

వ్యాఖ్యాత: పిల్లల భాషను అంచనా వేయడానికి కథే ఎందుకు? పదాలు అడిగితే చాలదా?

అతిథి: చాలదండీ. కథ చెప్పాలంటే ఎవరు ఏం కోరుకున్నారు, దానికోసం ఏం చేశారు, చివరికి ఏమయింది అన్నవన్నీ ఒకేసారి మనసులో పట్టుకోవాలి. అందుకే పరిశోధకులు 1969లో వెలువడిన, మాటలే లేని ఒక బొమ్మల పుస్తకాన్ని దశాబ్దాలుగా వాడుతున్నారు. అబ్బాయీ కుక్కా నిద్రలో ఉండగా సీసాలోని కప్ప జారుకుంటుంది, తెల్లవారాక ఇద్దరూ దాన్ని వెతుకుతారు. ఒక రెండో తరగతి పాప ఆ కథను రెండు భాషల్లోనూ చెబుతుంటే విన్నాను. కప్ప పోవడం, బూటులో వెతకడం, కిటికీలోంచి పిలవడం, వీటిలో ఏదీ ఏ భాషలోనూ తప్పిపోలేదు. కథ అల్లిక ఒక భాషలో పట్టుబడితే రెండో భాషకూ అక్కరకొస్తుంది.

వ్యాఖ్యాత: మరి తేడా ఎక్కడ వస్తుంది?

అతిథి: పాత్రను కథలోకి తెచ్చేచోట. ఇంగ్లీషులో కొత్త కప్పకు 'ఎ', ఎరిగిన కప్పకు 'ద' చేర్చాలి. మాండరిన్‌లో ఆ ఆర్టికల్స్ లేవు. కొత్త పాత్రను సాధారణంగా క్రియ తరువాత తెస్తారు, 'ఒక' అన్నాక లెక్కింపు మాట కూడా పెడతారు. మనం మనుషులను 'ముగ్గురు' అనీ, వస్తువులను 'మూడు' అనీ వేరు చేసినట్టే, కాకపోతే అక్కడ ఆ రకాలు చాలా ఎక్కువ. కప్పకు 'జి' రావాలి. పాప మాత్రం కప్పనూ కుక్కనూ అందరికీ తెలిసిన 'గ'తోనే సరిపెట్టింది. పైగా అతడు, ఆమె, అది రాతలో వేరైనా, మాటలో మూడూ 'తా'యే. పాప అబ్బాయినీ కుక్కనూ 'తా' అంటూ పోయేసరికి, కిటికీలోంచి పడ్డది కుక్క అని బొమ్మ చూశాకే నాకు తెలిసింది.

వ్యాఖ్యాత: తల్లిదండ్రులు దీన్ని లోపమనుకుని భయపడరా?

అతిథి: భయపడతారు, నాకు బాధ కలిగేదీ అక్కడే. ఇంకా నేర్చుకుంటున్న భాషలో ఒక్క కథ విని పిల్లకు భాషాలోపం ఉందని తేల్చేయడం అన్యాయం. రెండు భాషల్లోనూ వినాలి. రెండింటిలోనూ కోరికకూ ప్రయత్నానికీ పొత్తు కుదరకపోతే నిపుణులకు చూపించాలి. 'జి' బదులు 'గ' వచ్చిందంటే, ఆ పిల్లకు ఇంకా ఎక్కువ మాండరిన్ కథలు వినిపించాలి, అంతే. ఆ పాపకు సీసాను మాండరిన్‌లో ఏమంటారో గుర్తు రాలేదు. కాసేపు ఆగి, రెండు అరచేతులతో సీసా ఆకారం చూపించి, అందులోంచి కప్పను బయటికి దూకించి, కథను సాగించింది.