మచ్చ చిన్నదే కదా, ఇంత టెన్షన్ ఎందుకు?

[దృశ్యం: అద్దం ముందు ఒకమ్మాయి. మేకప్ బ్రష్‌తో చెంప మీద గాటు గీస్తున్నారు.]

1980లో రాబర్ట్ క్లెక్, ఆంజెలో స్ట్రెంటా అనే అమెరికా సైకాలజిస్టులు ఒక ప్రయోగం ప్రచురించారు. కొందరి ముఖం మీద మేకప్‌తో గాటు మచ్చ వేసి, అద్దంలో చూపించారు. తర్వాత, మచ్చ నిలవాలంటే కాస్త క్రీమ్ రాయాలని చెప్పి, వాళ్లకు తెలియకుండా దాన్ని తుడిచేశారు. అలా ఏ మచ్చా లేని ముఖంతో వాళ్లు వెళ్లి ఒక కొత్త మనిషితో మాట్లాడి వచ్చారు. వచ్చాక ఏం చెప్పారో తెలుసా? తమ మచ్చ వల్ల ఎదుటి మనిషి తీరు మారిందని!

'అయితే అంతా భ్రమేనన్నమాట' అని తేల్చేయకండి. నిజంగా మచ్చ ఉన్నవాళ్లను జనం నిజంగానే చూస్తారు. మెట్రోలో చూస్తారు, లిఫ్టులో చూస్తారు, పెళ్లిళ్లలో అయితే దగ్గరికొచ్చి మరీ చూసి, కలబంద రాయమని సలహా కూడా ఇస్తారు. అలాంటి చూపులకు అలవాటుపడిన మనసు ముందే కాచుకుని కూర్చుంటుంది. ఎదుటివాడు వాచీ చూసుకున్నా అది మన ముఖం గురించేనేమో అనిపిస్తుంది. అందరూ తమనే గమనిస్తున్నారనిపించే టీనేజీలో ఇది మరీ ఎక్కువ.

[దృశ్యం: బెంగళూరు, మారతహళ్లి. పీజీ మెట్ల మీద సూట్‌కేసు ఎక్కిస్తున్న అమ్మాయి.]

గ్రహణం మొర్రి ఆపరేషన్ జరిగిన పిల్లే అనుకుందాం. సొంతూళ్లో వీధంతా తెలిసినవాళ్లే, కొత్తగా అడిగేవాళ్లు ఉండరు. ఇంటర్ అయ్యాక బెంగళూరొస్తే రోజూ ఎవరో ఒక కొత్త మనిషి. కొత్త రూమ్మేట్, కొత్త బెంచీ. ఆన్‌లైన్ ఇంటర్వ్యూలోనైతే తెర మీద తన ముఖం తనకే కనిపిస్తూ ఉంటుంది. ఇక దాపరికాలు మొదలవుతాయి. క్లాసులో ఎప్పుడూ గోడవైపు సీటే. గ్రూప్ ఫొటో అనగానే 'నేను తీస్తాలే' అని ఫోన్ అందుకోవడం. కరోనా పోయి ఇన్నేళ్లయినా మాస్కు తీయకపోవడం. మెస్‌లో అందరూ తినేసి వెళ్లాక తినడం.

ఇంట్లోవాళ్లు ఇవేవీ చూడరు. 'ఇంత చిన్న మచ్చకేనా?' అంటారు. కానీ మచ్చ సైజును బట్టి బాధను లెక్కగట్టలేమని పరిశోధనల్లో మళ్లీ మళ్లీ తేలింది. పైగా 'గ్రహణం రోజు బయట తిరిగావు' అని అమ్మను దెప్పడం వింటూ పెరిగిన పిల్లకు, ఇంట్లో గొడవలన్నిటికీ తన ముఖమే కారణమనిపిస్తుంది. గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

మరో చిక్కు. పెదవికి ఆపరేషన్ నెలల పిల్లలుగా ఉన్నప్పుడే చేస్తారు. దవడ సరిచేయాల్సి వస్తే మాత్రం సాధారణంగా ఎదుగుదల ఆగేదాకా, అంటే 17, 18 ఏళ్లదాకా ఆగాలి. ఈలోపు స్నేహాలు, స్టేజీ, అన్నీ 'ఆపరేషన్ అయ్యాక చూద్దాంలే' అని వాయిదా పడిపోతాయి. నన్నడిగితే అసలు నష్టం అక్కడే.

[దృశ్యం: పీజీ గది. ఇద్దరమ్మాయిలు.]

జేమ్స్ పార్ట్రిడ్జ్ అనే బ్రిటిషర్‌కు 18 ఏళ్ల వయసులో వాహన ప్రమాదంలో ముఖం బాగా కాలిపోయింది. 1992లో ఆయన 'ఛేంజింగ్ ఫేసెస్' అనే సంస్థ పెట్టారు. అక్కడ నేర్పే ఉపాయాల్లో ఒకటి: క్లుప్తంగా చెప్పు, భయం పోగొట్టు, మాట మార్చు. మన పీజీలో ఇలా ఉంటుంది.

'ముఖం మీద ఆ తెల్లమచ్చలేంటి?'

'బొల్లి అక్కా, అంటుకోదులే. అవునూ, ఇక్కడ వేడినీళ్లు ఎన్నింటిదాకా వస్తాయి?'

అంతే. సంజాయిషీ అక్కర్లేదు, కన్నీళ్లూ అక్కర్లేదు. కాకపోతే మొదటిసారే ఇంత తేలిగ్గా నోట్లోంచి రాదు. నాలుగుసార్లు గట్టిగా అనుకుని చూసుకోవాలి.

అది కూడా కష్టమైతే టెలీ మానస్ ఉంది. మానసిక ఆరోగ్యం కోసం 2022లో కేంద్రం మొదలుపెట్టిన ఉచిత హెల్ప్‌లైన్ అది. దానికి ప్రధాన కేంద్రం బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్సే. నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడొచ్చు. ఫోన్ చేయడానికి పెద్ద జబ్బేమీ ఉండక్కర్లేదు. ముఖం చూపించాల్సి వస్తుందని కాలేజీ ఎగ్గొట్టాలనిపిస్తోందా, ఆ ఒక్క ముక్క చెప్పినా చాలు.