చదివింపుల పుస్తకం, ఎన్నికల చందా

సభకు నమస్కారం.

చిన్నప్పుడు మా బంధువుల్లో ఎవరింట పెళ్లి జరిగినా చదివింపుల పుస్తకం నాకే అప్పజెప్పేవారు, దస్తూరి బాగుంటుందని. పందిట్లో ఒక మూల చాప మీద కూర్చుని పేరు, ఇంటిపేరు, ఊరు, ఎంత అన్నది రాసుకోవాలి. నూటపదహారు, యాభై ఒకటి, పదకొండు. నూటపదహార్లు చదివించినవారి పేరు పొరపాటున తప్పుగా రాసినా వాళ్లు పట్టించుకునేవారు కాదు. పదకొండు రూపాయల వారు మాత్రం వంగి చూసి, ‘బాబూ, మా ఇంటిపేరులో దీర్ఘం ఉంది’ అని దిద్దించేవారు.

బ్యాంకులో ముప్పై ఏళ్లు పద్దులు రాసి రిటైరైన తరువాత, ఒక మిత్రుడు ఇండిపెండెంటుగా శాసనసభకు నిలబడితే ఆయనకు ఆన్‌లైన్‌లో వచ్చిన చందాల లెక్క నేను చూశాను. అప్పుడు ఆ పుస్తకమే కళ్ల ముందు మెదిలింది.

ఇలా పదిమంది దగ్గరా చిన్నచిన్న చందాలు పోగుచేయడానికి క్రౌడ్‌ఫండింగ్ అన్న పేరు కొత్తదే గానీ పని మనకు కొత్త కాదు. ఈ బెజవాడలోనే 1921 మార్చి ఆఖరున అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమై, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగుచేయాలని తీర్మానించింది. జూన్ 30 గడువు. అప్పుడు జోలె పట్టుకుని వీధివీధీ తిరిగారు. ఇప్పుడు ఆ జోలె ఫోనులోకి వచ్చింది.

మన కాలానికి వస్తే, 2013 ఢిల్లీ ఎన్నికల ముందు ఆమ్ ఆద్మీ పార్టీ తమకు 20 కోట్లు చాలని, అంత చేరగానే ఇక పంపవద్దని చెప్పింది. వద్దన్న పార్టీని నేను అదే మొదటిసారి చూడడం. 2019లో బీహార్‌లోని బెగుసరాయ్ నుంచి లోక్‌సభకు పోటీచేసిన కన్హయ్య కుమార్ 70 లక్షలు చేరగానే వసూలు ఆపారు, అప్పటి ఖర్చు పరిమితి అంతే కాబట్టి. ఆయన 4 లక్షలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు. అదే ఎన్నికల్లో తూర్పు ఢిల్లీలో చందాలతో నిలబడిన ఆమ్ ఆద్మీ పార్టీ అభ్యర్థి ఆతిశీ మూడో స్థానంలో మిగిలారు. 2025లో ఢిల్లీలోని కాల్కాజీ శాసనసభ స్థానానికి 40 లక్షలు కావాలని అడిగి, ఈసారి గెలిచారు. చందా పంపడానికి ఆ నియోజకవర్గంలో ఓటు ఉండనక్కరలేదు కదా. అందుకే ఖాతాలో అంకె పెరుగుతున్న కొద్దీ గెలుపు దగ్గరపడుతోందని మురిసిపోయే అభ్యర్థిని చూస్తే నాకు భయం వేస్తుంది.

ఖర్చు పరిమితి సంగతి ఇంకా చిత్రం. 2022 నుంచి మన రెండు రాష్ట్రాల్లోనూ లోక్‌సభ అభ్యర్థికి 95 లక్షలు, శాసనసభ అభ్యర్థికి 40 లక్షలు. పార్టీ తన ప్రచారానికి పెట్టే ఖర్చుకు ఏ పరిమితీ లేదు. ఓటుకు కవరు పంచేవారు దాన్ని ఏ ఫారంలోనూ చూపరు. చందా ఎత్తినవారి డబ్బు మాత్రం రూపాయితో సహా బ్యాంకు పద్దులో కనిపిస్తుంది. గీత అభ్యర్థులందరికీ గీశారు, అది కాలికి తగిలేది చందా ఎత్తినవారికే. ఎలక్టోరల్ బాండ్లను తలుచుకోండి. అవి పార్టీలకు అందిన, ఓటరుకు పేరు చెప్పని చదివింపులు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టివేసేదాకా నడిచాయి.

ఇక మా అనుభవం. మొదటి తప్పు మొదటి రోజే చేశాం. ఉత్సాహం కొద్దీ కరపత్రం మీద అచ్చువేసిన క్యూఆర్ కోడ్ అభ్యర్థి భార్య ఖాతాది. ఎన్నికల ఖర్చుకు నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందు విడిగా ఖాతా తెరవాలి. అది అభ్యర్థి పేరున గానీ, ఆయనా ఎన్నికల ఏజెంటూ కలిసి గానీ ఉండాలి, ఇంట్లోవారితో ఉమ్మడిగా పనికిరాదు. రెండు వేల కరపత్రాల మీద కొత్త కోడ్ కాగితాలు అతికించడానికి మాకు ఒక రాత్రి పట్టింది, మూడు సీసాల జిగురు అయిపోయింది.

రెండో చిక్కు పేర్లు. ఫలితాలు వెలువడిన 30 రోజుల్లో ఇచ్చే లెక్కలో డబ్బు ఎవరిచ్చారో పేరూ చిరునామాతో రాయాలి. ఫోను చూపించేది ‘శ్రీను మొబైల్స్’, ‘అమ్మ’, ఒక అంకెల వరుస. ఒక్కొక్కరికీ ఫోను చేసి ఇంటిపేరూ ఊరూ అడిగి రాసుకున్నాను. దీర్ఘాలతో సహా.

మూడోది కాస్త బాధపెట్టింది. డాలస్‌లో ఉన్న మా తరగతి స్నేహితుడు ఐదువందల డాలర్లు పంపుతానన్నాడు. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే తప్పులేదు. అతను అమెరికా పౌరసత్వం తీసుకుని చాలా కాలమైంది. విదేశీ విరాళాల చట్టం ప్రకారం అభ్యర్థి అది ముట్టుకోకూడదు. చెబితే, ‘నేను పరాయివాణ్ణి ఎప్పుడయ్యానురా?’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. డబ్బు మాత్రం వద్దన్నాను.

మా మిత్రుడు ఓడిపోయాడు, డిపాజిట్టు కూడా దక్కలేదు. లెక్కలు సమర్పించిన రోజున, చందా ఇచ్చిన ప్రతివారికీ వాటి నకలు ఫోనుకు పంపాను. అందరూ చదవకుండానే వదిలేస్తారనుకున్నాను. మర్నాడు పొద్దున్నే ఒక పెద్దాయన ఫోను చేశారు.

‘అయ్యా, నా నూటపదహార్లు ఏ ఖర్చులో పడ్డాయి?’

చందాలన్నీ ఒకే ఖాతాలో కలుస్తాయి కాబట్టి అలా విడదీసి చెప్పలేమని వివరించబోయాను. ఆయన వినలేదు. తేదీ చూసి, ఆ రోజు అయిన ఖర్చు చదివి వినిపించాను: మైకు ఆటో అద్దె, డీజిల్‌తో కలిపి.

ఆయన కాసేపు ఆలోచించారు.

‘మా వీధికి ఆ ఆటో రాలేదే!’ అన్నారు.