తుప్పు పట్టని కడ్డీ

శ్రోతలందరికీ నమస్కారం.

రెండేళ్ల కిందట కడపలో మా ఇంట్లో జరిగిన సంగతితో మొదలుపెడతాను. పొద్దున్నే మా అమ్మ దండెం మీద బట్టలు తీస్తుంటే కిటికీ మీది సజ్జ నుంచి అరచేయంత పెచ్చు ఊడి ఆమె కాళ్ల దగ్గర పడింది. జానెడు ఇటు పడుంటే తల పగిలేది. నిచ్చెన వేసుకుని చూశాను. లోపలి కడ్డీ ఎర్రగా తుప్పుపట్టి, గోటితో గీకితే పొరలు పొరలుగా రాలుతోంది, ఒకచోటైతే పెన్ను రీఫిల్ అంత సన్నబడిపోయింది. ఇళ్ల పనులు చూసేవాణ్ణి కాబట్టి కారణం వెంటనే అర్థమైంది.

కారణం మా బోరు నీళ్లు. కడపలో, అనంతపురంలో చాలాచోట్ల బోరు నీళ్లు ఎంత ఉప్పగా ఉంటాయో మీకు చెప్పనక్కర్లేదు. ఆ నీళ్లతోనే కాంక్రీటు కలుపుతాం, ఆ నీళ్లతోనే క్యూరింగ్ చేస్తాం, అంటే పోసిన కాంక్రీటును రోజుల తరబడి తడుపుతాం. ఇనుప కడ్డీ ఉన్న కాంక్రీటు కలిపే నీళ్లలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతోంది గానీ, ముగ్గు పోసే ముందు బోరు నీళ్లు ల్యాబుకు పంపినవాళ్లు మనలో ఎంతమంది? ఆ ఉప్పు కడ్డీని చేరితే తుప్పు మొదలవుతుంది, తుప్పుపట్టిన ఇనుము ఉబ్బుతుంది, దానికి రెండింతలు, అంతకంటే ఎక్కువ చోటు కావాలి, చోటు లేక పైనున్న కాంక్రీటును బయటికి తోసేస్తుంది. పెచ్చులూడటం అంటే ఇదే. దాని మీద మళ్లీ సిమెంటు మెత్తి రంగు వేస్తే రెండు వానాకాలాలు ఆగుతుంది, అంతే.

అందుకే అసలు తుప్పే పట్టని కడ్డీ ఉందంటే దాని సంగతేమిటో కనుక్కోవాలనిపించింది. అదే ఫైబర్‌గ్లాస్ కడ్డీ. ఇసుక, సున్నపురాయి లాంటివి 1400 డిగ్రీల దాకా కరిగించి, ఆ గాజును వెంట్రుక కంటే సన్నటి పోగులుగా లాగుతారు. వేలకొద్దీ పోగులను ఒక్కటిగా చేర్చి, రెజిన్ అనే జిగురులో ముంచి, వేడి అచ్చులోంచి లాగితే గట్టిపడి కడ్డీ అవుతుంది. ఇది నిన్నమొన్నటి పదార్థమేమీ కాదు. అమెరికాలోని డిస్నీలాండ్‌లో 1957లో మాన్‌శాంటో కంపెనీ ఫైబర్‌గ్లాస్‌తో ఒక ఇల్లే కట్టి చూపించింది, పదేళ్ల తర్వాత దాన్ని కూల్చబోతే ఇనుప గుండు తగిలి వెనక్కి ఎగిరిందని చెబుతారు. మన దేశంలో మాత్రం ఈ కడ్డీలకు ఐఎస్ 18256 అనే ప్రమాణం 2023లో వచ్చింది.

పోయిన ఏడాది మా తమ్ముడి ఇంటి ముందు కార్లు నిలిపే చోట కాంక్రీటు పోయించేటప్పుడు దీన్ని వాడి చూశాం. 8 మిల్లీమీటర్ల కడ్డీ, 50 మీటర్ల చుట్ట. అదే కొలతలో ఇనుమైతే బేల్దార్లందరికీ తెలిసిన లెక్కే, 64ను 162తో భాగిస్తే మీటరు బరువు వస్తుంది, మొత్తం 20 కిలోల దాకా తూగుతుంది. ఈ చుట్ట ఐదారు కిలోలుంది, మా తమ్ముడు బైకు వెనక కట్టుకొచ్చాడు. చుట్టకు కట్టిన కట్టు తెంపేటప్పుడు జాగ్రత్త, ఒక్కసారిగా స్ప్రింగులా విచ్చుకుంటుంది, మొహానికి తగలొచ్చు. ఇద్దరు పట్టుకుని మెల్లగా వదలాలి.

మేస్త్రీ అలవాటు కొద్దీ ఒక ముక్కను వంచబోయాడు. చేతితో వంచితే వంగింది, వదలగానే తిన్నగా అయిపోయింది. పైపు తొడిగి కాలితో అదిమి గట్టిగా వంచేసరికి వంపు దగ్గర తెల్లగా మారి, చెరకు గడ విరిచినట్టు పీచులు పీచులుగా చీలింది. అన్నా, దీంతో రింగులు కట్టడం కుదరదు అన్నాడు. నిజమే. వంపులు కావాలంటే ఫ్యాక్టరీలోనే చేయించుకోవాలి, సైటులో కుదరదు. ఇంకొకటి, దీని బరువు కాంక్రీటు కంటే తక్కువ, కాంక్రీటును అదిరించి సర్దే వైబ్రేటర్ పెడితే కట్టిన కడ్డీల జాలీ మొత్తం పైకి తేలే ప్రమాదం ఉంది, కాబట్టి కిందికి గట్టిగా కట్టి ఉంచాలి. కోసేటప్పుడు మిషన్ బ్లేడు వాడాలి, మూతికి మాస్కు, చేతులకు గ్లవుజులు తప్పనిసరి. ఆ గాజు దుమ్ము ఒంటికి అంటితే ఆ రాత్రి నిద్ర పట్టదు, అంత నవ.

ఇప్పుడు అసలు మాట. అంగట్లో మీకు ఏం చెబుతారంటే, ఇది ఇనుము కంటే బలం, 12 మిల్లీమీటర్ల ఇనుము వేసే చోట ఇది 8 వేయండి చాలు, డబ్బు మిగులుతుంది అంటారు. దయచేసి ఆ మాట నమ్మి స్లాబు వేయకండి. తెగే బలం వరకు చూస్తే ఇనుము కంటే ఎక్కువే, కాదనను. కానీ సాగకుండా బిగువుగా నిలబడే గుణం ఇనుములో నాలుగో వంతు మాత్రమే. అంటే స్లాబు కూలకపోయినా, మధ్యలో కిందికి దిగుతుంది, పగుళ్లు వెడల్పవుతాయి. పైగా ఇనుము తెగే ముందు సాగుతుంది, వంగుతుంది, ఇంట్లోవాళ్లకు బయటికి పరిగెత్తడానికి కాస్త సమయం ఇస్తుంది. ఇది అలా ముందుగా హెచ్చరించదు, హద్దు దాటితే ఫట్‌మని తెగుతుంది. మంటల్లో కూడా కష్టమే, నూరు డిగ్రీలు దాటాక జిగురు మెత్తబడి కాంక్రీటు మీద పట్టు తప్పుతుంది. స్తంభాలు, దూలాలు, మేడ స్లాబు, వీటిల్లో దీన్ని వాడాలంటే ఈ కడ్డీ గుణాలు తెలిసిన స్ట్రక్చరల్ ఇంజినీరు విడిగా లెక్క కట్టి సంతకం పెట్టాలి. ఇనుముకు గీసిన డ్రాయింగ్ తీసుకుని కడ్డీ మాత్రం మార్చడం ప్రాణాలతో చెలగాటం.

మరి ఎక్కడ పనికొస్తుంది? నేల మీద పరిచే కాంక్రీటుకు భేష్. వాకిలి, గోదాము ఫ్లోరు, పశువుల కొట్టం నేల... పశువుల మూత్రం ఇనుమును ఎలా తినేస్తుందో రైతులకు తెలుసు. సంపులకు కూడా మంచిదే, కాకపోతే వాటికి డిజైను కావాలి.

కడ్డీలు పక్కన పెడితే, ప్రతి ఇంట్లో ఈ రోజే వాడదగింది ఫైబర్ జాలీ. ఇటుక గోడ, కాంక్రీటు స్తంభం కలిసే చోట నిలువునా పగులు వస్తుంది కదా, అక్కడ కోళ్ల జాలీ కొట్టి ప్లాస్టరింగ్ చేయడం మన అలవాటు, అది తుప్పుపట్టి గోడ మీద ఎర్ర మరకలు తేలతాయి. దాని బదులు ఫైబర్ జాలీ వేయండి. కొనేటప్పుడు సిమెంటులోని క్షారాన్ని తట్టుకునే పూత ఉన్నదేనా అని అడగండి, మామూలు గాజును సిమెంటే తినేస్తుంది.

గాజుపోగులు కలిపిన జిప్సం పలకలతో గోడలు, పైకప్పు కట్టే పద్ధతి కూడా ఉంది. ఎరువుల ఫ్యాక్టరీల్లో గుట్టలుగా మిగిలిపోయే జిప్సం దీనికి ముడిసరుకు. ఒక్కో పలక 12 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తు, లోపల బోలుగా ఉంటుంది, ఆ బోలులో కడ్డీలు పెట్టి కాంక్రీటు పోస్తారు. మద్రాసు ఐఐటీ వాళ్లు దీని మీద చాలా పని చేశారు, మన నెల్లూరులో కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఎంటీపీసీ నమూనాగా 36 ఇళ్లు కట్టించింది. వీలైతే వెళ్లి చూసి రండి.

పల్లెల్లో చవుడు మిద్దెలున్నవాళ్లు గవాచి మీద, అంటే వెలుతురు కోసం కప్పులో వదిలిన కన్నం మీద, ఫైబర్ రేకు వేసుకుంటున్నారు. మన ఎండలకు నాసిరకం రేకు నాలుగేళ్లలో పసుపెక్కి, పైపొర పోయి పీచు లేస్తుంది. ఎండను తట్టుకునే పూత ఉన్న రేకే కొనండి, నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే.

మా సజ్జ ఏమైందని అడుగుతారేమో. పాతది పూర్తిగా కొట్టేసి కొత్తది వేశాం, దానికి మాత్రం ఇనుమే వాడాం, గోడలోంచి బయటికి వేలాడేది కాబట్టి. కొట్టేటప్పుడు ఇంకో తప్పు బయటపడింది. సజ్జలో కడ్డీ పైభాగాన ఉండాలి, అప్పట్లో కాంక్రీటు పోసేవాళ్ల కాళ్ల కింద అణిగి అది అడుక్కు దిగిపోయింది. ఈసారి కింద కుర్చీలు, అంటే కడ్డీని ఎత్తి పట్టే ఆధారాలు, పెట్టి కడ్డీని పైనే నిలబెట్టాం, బోరు నీళ్లు పరీక్ష చేయిస్తే పనికిరావన్నారు, ట్యాంకరు నీళ్లు తెప్పించి కలిపాం, తడపడానికి కూడా వాటినే వాడాం.